బూడిద ఇటుక, పీపీసీ సిమెంట్, మోర్బీ టైల్స్: చిన్న బిల్డర్ కొనుగోళ్లలో గ్రీన్ సప్లై చైన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

పోరంకి పర్చేజ్ అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. విజయవాడ దగ్గర పోరంకిలో ఒక కుటుంబ కన్‌స్ట్రక్షన్ కంపెనీలో పర్చేజ్ చూస్తాను. ఇన్నాళ్లూ స్టిల్ట్ ప్లస్ ఐదు అపార్ట్‌మెంట్లే కట్టాం. మొదటిసారి ఒక ఆఫీసు బిల్డింగ్ ఎత్తుకున్నాం. పునాదులు అయ్యాయి, మొదటి స్లాబ్‌కు సెంట్రింగ్ కొడుతున్నారు.

ఇందులో రెండు ఫ్లోర్లు లీజుకు తీసుకోబోయే కంపెనీ మాకు ఒక పెద్ద ఫారం పంపింది. ఏ మెటీరియల్ ఎక్కడ తయారైంది, ఎంత దూరం నుంచి వస్తోంది, తయారీలో ఎంత కార్బన్ వెలువడింది, సైట్ వేస్ట్ ఎక్కడికి పోతోంది, సప్లయర్ దగ్గర పనివాళ్ల పరిస్థితి ఏమిటి, ఇలాంటివన్నీ అడిగారు. మా ఓనర్‌గారు "గ్రీన్ సప్లై చైన్ అంటున్నారు, నువ్వే చూడు" అని నా చేతిలో పెట్టారు. అదే ఫారాన్ని నేను మా సప్లయర్లందరికీ పంపాను. ఒక్కరూ నింపి పంపలేదు. ఇటుకలాయన ఫోన్ చేసి "ఇదేంటండీ, ఇన్‌కమ్ టాక్స్ వాళ్లా?" అని కంగారుపడ్డాడు.

ప్రస్తుతం మా మెటీరియల్ ఇలా వస్తోంది: ఎర్ర ఇటుక గోదావరి వైపు నుంచి, సిమెంట్ జగ్గయ్యపేట నుంచి, ఇసుక కృష్ణా నదిలో తవ్వకానికి అనుమతించిన రీచ్‌ల నుంచి, కంకర దొనబండ క్రషర్ల నుంచి. స్టీల్ ఏ డీలర్ తక్కువ కోట్ చేస్తే అతని దగ్గరే. టైల్స్ గుజరాత్‌లోని మోర్బీవి. వీటిలో ముందు దేన్ని మార్చాలి? రేటు ఎంత పెరుగుతుంది? ఇవన్నీ సీరియస్‌గా చేసిన వాళ్లు ఎవరైనా చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

కొంపల్లి మెటీరియల్స్:

పోరంకి గారూ, ముందు ఆ ఫారాన్ని సప్లయర్లకు పంపడం ఆపేయండి. నేను హైదరాబాద్‌లో సైట్ స్టోర్ కీపర్‌గా మొదలై ఇప్పుడు ఒక కంపెనీకి కొనుగోళ్లన్నీ చూస్తున్నాను. పుట్టిల్లు తెనాలి, కాబట్టి మీ వైపు మెటీరియల్ సంగతి కూడా తెలుసు. ఇటుకల యూనిట్ నడిపేవాడికి కార్బన్ లెక్క కట్టే మనిషి ఉండడు. ఆ లెక్క మనమే కట్టాలి. అతన్ని అడగాల్సింది అతనికి తెలిసిన విషయాలే: మట్టి ఎక్కడిది, బట్టీలో ఏం కాలుస్తారు, లోడుకు ఎన్ని ఇటుకలు, వచ్చేటప్పుడు లారీ నిండా వస్తుందా, తిరిగి ఖాళీగా పోతుందా.

మీ అద్దెదారు ఎందుకు అడుగుతున్నారో తెలిస్తే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది. షేర్ మార్కెట్లో లిస్టయిన మొదటి 1000 కంపెనీలు పర్యావరణం, పనివాళ్ల సంక్షేమం గురించి ఏటా బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టింది. 2022-23 నుంచి అది తప్పనిసరి. వాళ్ల సొంత ఆఫీసు కరెంటు లెక్కతో మొదలైన ప్రశ్నలు ఇప్పుడు వాళ్లకు సరుకు, సేవలు, స్థలం ఇచ్చేవాళ్ల దాకా వస్తున్నాయి. ఆ వరసలో మీ బిల్డింగ్ ఉంది. వాళ్లకు మీరు ఇవ్వాల్సింది నమ్మదగిన లెక్క. సర్టిఫికెట్ తర్వాత సంగతి.

కాబట్టి రేపటి నుంచే గేటు దగ్గర ఒక రిజిస్టర్ పెట్టండి. మెటీరియల్, తయారైన ఊరు (డీలర్ ఊరు కాదు), కిలోమీటర్లు, కాటా చీటీ ప్రకారం టన్నులు. ఇంతే. డీలర్ గోడౌన్ ఆటోనగర్‌లో ఉందని "దూరం 10 కిలోమీటర్లు" అని రాసే సైట్లు చూశాను. అది లెక్క కాదు. రెండు మూడు నెలలు ఇది రాస్తే ఎక్కడ బరువు ఉందో మీకే కనపడుతుంది. ఏ బిల్డింగ్ చూసినా సిమెంట్, స్టీల్, గోడలు, ఈ మూడింటిలోనే అసలు భారం ఉంటుంది. పెయింట్లు, కుళాయిలు, పైకప్పు మీద మొక్కలు అన్నీ మంచివే, కానీ వాటితో మొదలుపెట్టినవాళ్లు చాలాసార్లు అక్కడే ఆగిపోతారు.

సిమెంట్ సంగతి. సున్నపురాయిని కాల్చి క్లింకర్ చేస్తారు. ఒక టన్ను క్లింకర్‌కు 0.8 టన్నుల పైనే కార్బన్ డయాక్సైడ్ పోతుంది. అందులో సగానికి పైగా బొగ్గు వల్ల కాదు, ఆ రాయి విడిపోయేటప్పుడు దానిలోంచే వస్తుంది. అందుకే ఫ్యాక్టరీ ఎంత మంచిదైనా క్లింకర్ తగ్గించడమే దారి. పీపీసీ అనే రకం సిమెంట్‌లో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లై యాష్, అంటే థర్మల్ ప్లాంట్ల బూడిద కలుపుతారు, ఐఎస్ 1489 దానికి భారత ప్రమాణం. స్లాగ్ సిమెంట్‌లో 25 నుంచి 70 శాతం స్లాగ్ (ఇనుము తీశాక మిగిలే చిట్టెం) ఉండొచ్చు. చాలా సైట్లలో ప్లాస్టరింగ్‌కు, ఇటుక పనికి కూడా బూడిద కలపని మామూలు సిమెంట్, ఓపీసీ 53 గ్రేడ్ వాడుతున్నారు. ఏ అవసరమూ లేదు. పీపీసీ బస్తా మామూలుగా ఓపీసీ కంటే కాస్త తక్కువకే వస్తుంది కూడా. మీరు మార్చాల్సిన మొదటి వస్తువు ఇదే, వచ్చే ఇండెంట్‌లోనే మార్చొచ్చు.

స్టీల్ దగ్గర జాగ్రత్త. "చిన్న మిల్లు అంటే స్క్రాప్ కరిగించేదే, కాబట్టి గ్రీన్" అని డీలర్లు చెబుతారు. ఇండక్షన్ ఫర్నేస్‌లో స్క్రాప్ వేశారా, ఇనుప ఖనిజం నుంచి బొగ్గుతో చేసిన స్పాంజ్ ఐరన్ వేశారా అన్నదే అసలు ప్రశ్న. స్పాంజ్ ఐరన్ ఎక్కువైతే కార్బన్ పెద్ద ప్లాంట్ల కంటే మించిపోవచ్చు. 2024 డిసెంబర్‌లో కేంద్ర ఉక్కు శాఖ గ్రీన్ స్టీల్‌కు నిర్వచనం ఇచ్చింది: టన్ను స్టీల్‌కు 2.2 టన్నుల లోపు కార్బన్ డయాక్సైడ్ లెక్క ఉంటేనే ఆ పేరు, 1.6 లోపు అయితే ఐదు నక్షత్రాలు. మిల్లు టెస్ట్ సర్టిఫికెట్‌తో పాటు ఆ రేటింగ్ ఉందా అని అడగండి. లేదంటే లేదని రాసుకోండి. మీ చేతిలో ఉన్న పెద్ద పొదుపు వేరే చోట ఉంది. ఏ కడ్డీ ఎంత పొడవు, ఎక్కడ వంచాలో రాసే బార్ బెండింగ్ షెడ్యూల్ ముందే సిద్ధం చేసి, కొలతల ప్రకారం కట్ అండ్ బెండ్ చేయించి తెప్పిస్తే ముక్కలు మిగలవు. కొనని స్టీల్‌ను మించిన గ్రీన్ స్టీల్ లేదు.

ఇటుక గురించి మీ విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం వైపు బూడిద ఇటుకలు చేసేవాళ్లు ఎవరైనా చెబితే బాగుంటుంది. నేను చెప్పాల్సింది ఒకటే. ఎర్ర ఇటుక అంటే పొలం పైమట్టి పోవడం, పొగ, ఇంతవరకే జనం మాట్లాడతారు. బట్టీల్లో మనుషులు ఉంటారు. పశ్చిమ ఒడిశా నుంచి, బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే అడ్వాన్సులు తీసుకుని మన తెలుగు రాష్ట్రాల బట్టీలకు వస్తాయి. ఆ అప్పు తీరేదాకా కదలలేరు, పిల్లలు బడి మానేసి అక్కడే ఉంటారు. మీ ఫారంలో "పనివాళ్ల పరిస్థితి" అన్న గడి దగ్గర ఇది రాయకుండా దాటేయకండి. ఎర్ర ఇటుక కొంటూనే ఉంటే కనీసం బట్టీకి వెళ్లి చూసి రండి: నీళ్లు, మరుగుదొడ్డి, నీడ, పిల్లలు ఎక్కడున్నారు, కూలీ లెక్క పుస్తకం ఎవరి దగ్గర ఉంది. నేను సప్లయర్‌ను మార్చే ముందు వెళ్లి చూడకుండా ఏ నిర్ణయమూ తీసుకోను.

ఇంకొకటి, ఇది అన్నిటికంటే ముఖ్యం. చిన్న సప్లయర్ మారాలంటే అతనికి రెండు కావాలి: మన దగ్గర ఎంత సరుకు పోతుందో ముందే తెలియాలి, డబ్బు టైముకు రావాలి. బిల్లు నాలుగు నెలలు ఆపి "నీ ప్రాసెస్ గ్రీన్ చేసుకో" అంటే ఎవరు వింటారు? అతను అప్పు మీద వడ్డీ కడుతూ కొత్త మెషీన్ ఎలా కొంటాడు?

బూడిద ఇటుక:

మేడమ్ గారు పిలిచారు కాబట్టి రాస్తున్నాను. మాది ఇబ్రహీంపట్నం దగ్గర చిన్న ఫ్లై యాష్ ఇటుకల యూనిట్. పోరంకికి మా థర్మల్ ప్లాంట్ ఎంత దూరమో మీకు తెలుసు. 2021 డిసెంబర్ 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం థర్మల్ ప్లాంటుకు 300 కిలోమీటర్ల లోపు కట్టే వాళ్లు బూడిదతో చేసిన వస్తువులు వాడాలి, ధర మామూలు వాటి కంటే ఎక్కువ కానంతవరకు. మీరు ఆ గీత లోపలే ఉన్నారు.

కానీ బూడిద ఇటుకల్లో మంచివి ఉన్నాయి, చేత్తో నలిపితే రాలేవి ఉన్నాయి. తేడా ఎక్కడ వస్తుందంటే, ప్లాంటులో పొగలోంచి బూడిదను పట్టే ఈఎస్‌పీ అనే యంత్రం కింద హాపర్లలో పడే పొడి బూడిద సన్నగా ఉంటుంది, సున్నంతో, సిమెంట్‌తో బాగా పట్టుకుంటుంది. నీళ్లలో కలిపి చెరువులోకి వదిలిన పాండ్ యాష్ గరుకుగా ఉంటుంది, అంత పట్టు ఉండదు. అది చవక. రేటు తగ్గించమని ఒత్తిడి పెడితే కొందరు అదే కలుపుతారు. రెండోది క్యూరింగ్. ప్రెస్ నుంచి తీసిన ఇటుకను కనీసం రెండు వారాలు తడపాలి. అర్జెంటు ఆర్డర్ అంటే వారంలోనే లోడ్ ఎక్కిపోతుంది, తర్వాత గోడ మీద పగుళ్లు వచ్చాయని అందరినీ కలిపి తిడతారు.

మీరు అడగాల్సినవి: పొడి బూడిదేనా, ట్యాంకర్ చలానా చూపించు. తయారీ తేదీ వేసి వరసలు పేర్చావా? టెస్ట్ రిపోర్టులో నీటి పీల్పు 20 శాతం లోపు ఉందా? రెండు ఇటుకలు ఒకదానికొకటి కొడితే గంటలా ఖంగుమనాలి, గోరుతో గీకితే గీత పడకూడదు. నెల ముందు ఆర్డర్ చెప్పండి చాలు, ఇవన్నీ మేం చేయగలం.

డబ్బు గురించి మేడమ్ రాసింది నూటికి నూరుపాళ్లు నిజం. ఒక బిల్డర్ దగ్గర నాకు ఏడాదికి పైగా బకాయి ఆగింది. ఆ ఏడాది క్యూరింగ్ షెడ్డు వేయాలనుకున్నాను, వేయలేకపోయాను.

ఏలూరు రోడ్డు:

చదవడానికి బాగుంది. నేను 20 ఏళ్లుగా కాంట్రాక్టులు చేస్తున్నాను. ఫ్లాట్ కొనేవాడు ఎస్‌ఎఫ్‌టీ రేటు అడుగుతాడు, వాస్తు అడుగుతాడు, కార్ పార్కింగ్ అడుగుతాడు. ఇటుకలో బూడిద ఉందా మట్టి ఉందా అని అడిగిన వాడిని నేను చూడలేదు. పైగా మేస్త్రీలు ఏఏసీ అనే తేలికపాటి కాంక్రీటు బ్లాకులు పెడితే ఏడాదికే గోడకు, కాలమ్‌కు మధ్య గీతలు వస్తున్నాయి. కస్టమర్ వచ్చి నా మీద పడతాడు. ఖర్చు మనది, పేరు ఇంకొకరిది.

కొంపల్లి మెటీరియల్స్:

ఏలూరు రోడ్డు గారూ, కొనేవాడు అడగడన్న మాట నిజమే. అందుకే నేను ఖర్చు పెరగని వాటితో మొదలుపెట్టమంటున్నాను. పీపీసీకి ఖర్చు పెరగదు. కట్ అండ్ బెండ్‌కు టన్నుకు కొంత చార్జ్ ఉంటుంది, మిగలని ముక్కల్లో, తగ్గిన కూలీలో అది తిరిగొస్తుంది. సరుగుడు బాదులు, నాసిరకం ప్లైవుడ్ బదులు స్టీల్ జాకీలు, మంచి షట్టరింగ్ ప్లేట్లు పెడితే మొదట పెట్టుబడి ఎక్కువ, కానీ అవి ఎన్నో స్లాబులకు పనికొస్తాయి. ఖర్చు పెరిగేవీ ఉన్నాయి, దాచాల్సిన పని లేదు. రాయిని నలిపి చేసే, నాణ్యమైన కడిగిన రోబో శాండ్, రేటింగ్ ఉన్న స్టీల్, తక్కువ పరిమాణంలో తెప్పించే రీసైకిల్డ్ మెటీరియల్ ఎక్కువే పడొచ్చు. వాటిని ఓనర్‌కు వేరుగా చూపించాలి.

ఏఏసీ పగుళ్ల గురించి. ఆ బ్లాకును ఎర్ర ఇటుకలా నీళ్లలో నానబెట్టి, అంగుళం మందం మాలుతో కట్టి, ఆరకముందే ప్లాస్టర్ చేస్తే పగులుతుంది. పైన కాస్త తడిపి, సన్నని జాయింట్ మోర్టార్‌తో కట్టాలి, కాంక్రీటుతో కలిసే చోట మెష్ వేయాలి. మేస్త్రీకి చూపించకుండా కొత్త సరుకు దించడం మన తప్పు, బ్లాకుది కాదు. మా సైట్లో సప్లయర్ మనిషి వచ్చి ఒక గోడ మేస్త్రీలతో కలిసి కట్టి చూపించాలని ఆర్డర్‌లోనే రాస్తాం. రెండో గోడ నుంచి వాళ్లే చూసుకుంటారు.

స్లాబ్ సైకిల్:

స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. రెండు విషయాలు కలుపుతాను, ఎందుకంటే గ్రీన్ అని పీపీసీకి మారి తర్వాత ఇబ్బంది పడేవాళ్లు ఉన్నారు.

పీపీసీ మొదటి రోజుల్లో నెమ్మదిగా బలం పుంజుకుంటుంది, తర్వాత అందుకుంటుంది. ఓపీసీ అలవాటుతో అదే రోజుకు స్లాబ్ కింద సపోర్టులు తీసేయకండి. అదే కాంక్రీటుతో పోసిన క్యూబ్‌ల బలం పరీక్ష రిజల్ట్ చూసి తీయండి. క్యూరింగ్ ఐఎస్ 456 ప్రకారం పీపీసీ లాంటి బ్లెండెడ్ సిమెంట్‌కు 14 రోజులదాకా చేయమని సూచన. విజయవాడ మే ఎండలో దాన్ని సూచన అనుకోకండి, తప్పనిసరి అనుకోండి. గోనె సంచులు కప్పి తడిగా ఉంచితే నీళ్లూ తక్కువ పడతాయి.

రెండోది, కూల్చిన కాంక్రీటు. 2016లో సవరించిన ఐఎస్ 383 రీసైకిల్డ్ కాంక్రీట్ కంకరను ఒప్పుకుంది: స్టీల్ లేని మామూలు కాంక్రీటులో 25 శాతం దాకా, స్టీల్ వేసే ఆర్‌సీసీలో ఎం25 బలం వరకు 20 శాతం దాకా, ఎం15 కంటే తక్కువ ఉన్న లీన్ కాంక్రీటులో పూర్తిగా. నేనైతే మొదటి ప్రాజెక్టులో ఆర్‌సీసీ జోలికి పోవద్దంటాను. ఫ్లోర్ కింద స్టీల్ లేని పీసీసీ, పేవర్ బ్లాకులు, కెర్బ్ రాళ్లు చాలు. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లగూడ ప్లాంట్లు ఈ వ్యర్థాలను తీసుకుని కంకర, ఇసుక చేస్తున్నాయి. మీ దగ్గరి నుంచి అంత దూరం మోయడం అర్థం లేని పని. సైట్లో విరిగిన కాంక్రీటును, ఇటుక ముక్కలను విడిగా పోసి ప్లింత్ ఫిల్లింగ్‌కు, ర్యాంపు కిందకు వాడండి.

చట్టం కూడా గుర్తుంచుకోండి. 2016 నిబంధనల్లో రోజుకు 20 టన్నులు గానీ, ప్రాజెక్టుకు నెలకు 300 టన్నులు గానీ వ్యర్థం వస్తే కాంక్రీటు, మట్టి, స్టీల్-చెక్క-ప్లాస్టిక్, ఇటుక-మాలు అని నాలుగుగా విడదీయాలని ఉంది. వాటి స్థానంలో 2025లో కొత్త నిబంధనలు ఇచ్చారు. అవి 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టేవాళ్లు తమ వ్యర్థంలో కొంత భాగం రీసైకిల్ అయ్యేలా బాధ్యత తీసుకోవాలి. మీ బిల్డింగ్ ఆ సైజుకు రాకపోవచ్చు, తర్వాతది రావచ్చు.

పోరంకి పర్చేజ్:

అందరికీ చాలా థాంక్స్. పీపీసీ విషయం ఓనర్‌గారితో మాట్లాడాను, ఇటుక పనికీ ప్లాస్టరింగ్‌కూ వెంటనే ఒప్పుకున్నారు. స్లాబుకు మా ఇంజనీర్‌తో మాట్లాడి నిర్ణయిస్తాం. బూడిద ఇటుక గారి లాంటి యూనిట్లు చూడటానికి ఈ వారం వెళ్తున్నాను.

కొంపల్లి మేడమ్, ఇంకా రెండు అడగాలి. ఇసుక, టైల్స్ ఏం చేయాలి? పేమెంట్ విషయం ఓనర్‌తో ఎలా మాట్లాడాలి? మా దగ్గర 90 రోజులు అలవాటు, మారమంటే కోప్పడతారు.

కొంపల్లి మెటీరియల్స్:

ఇసుకకు రీచ్ పేరున్న పర్మిట్ లేకుండా లారీని గేటు లోపలికి రానివ్వకండి. ఉచిత ఇసుక అన్నది ఇసుక రేటు వరకే, ఎక్కడ పడితే అక్కడ తవ్వుకోమని కాదు. కృష్ణలో, గోదావరిలో మిషన్లు పెట్టి లోతుగా తోడేస్తే పక్క ఊళ్ల బావులు ఎండుతాయి, వంతెన పునాదులు తేలతాయి. కాంక్రీటుకు మీ దొనబండ వైపు క్రషర్ల నుంచే రోబో శాండ్ చూడండి. క్రషర్ డస్ట్ వేరు, రోబో శాండ్ వేరు. కడిగినదేనా, జల్లెడ రిపోర్టు ఉందా అని అడగండి. నది ఇసుకను ప్లాస్టరింగ్ ఫినిషింగ్‌కు ఉంచుకోండి.

టైల్స్ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మోర్బీ నుంచి మీ దాకా వెయ్యి కిలోమీటర్లు దాటి టైల్ వస్తోంది, మన గోదావరి, కృష్ణా జిల్లాల్లోనే టైల్స్ ఫ్యాక్టరీలు ఉండగా. ముందు వాళ్ల దగ్గర కోట్ తీసుకోండి. పార్కింగ్‌కు, మెట్లకు, కారిడార్లకు టైల్ అసలెందుకు? బేతంచెర్ల రాయి, కడప రాయి, తాండూరు రాయి మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నవే. వాటిని బట్టీలో కాల్చక్కర్లేదు, కోసి పాలిష్ చేస్తే చాలు. మా అమ్మగారింట్లో వేసిన కడప రాయి ఇప్పటికీ అలాగే ఉంది, ఒక్క పలక మార్చలేదు.

పేమెంట్‌కు ఓనర్‌తో నీతి గురించి మాట్లాడకండి, మీ ఆడిటర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఇన్‌కమ్ టాక్స్ గురించి మాట్లాడండి. 2023 బడ్జెట్‌లో 43బి(హెచ్) అనే క్లాజు తెచ్చారు, 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అమలు. కేంద్రం చిన్న పరిశ్రమలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న తయారీ యూనిట్‌కు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, రాత ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఆ గడువు దాటించి, ఏడాది ముగిసేలోపు కూడా కట్టకపోతే ఆ మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేదు, కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలి. కేవలం కొని అమ్మే ట్రేడర్లకు ఇది వర్తించదు, తయారుచేసే ఇటుకల యూనిట్‌కు వర్తిస్తుంది. మా ఓనర్ ఒక్కసారి ఆ లెక్క చూశాక మా ఇటుకల బిల్లులు 30 రోజులు దాటట్లేదు.

ఆర్డర్‌లో నేను రాసే మాటలు కింద పెడుతున్నాను, మీకు సరిపడేలా మార్చుకోండి.

"ఫ్లై యాష్ ఇటుక, పొడి బూడిదతో చేసినది, తయారీ తేదీ నుంచి 21 రోజులు దాటిన తర్వాతే లోడింగ్. లాట్‌కు ఒక టెస్ట్ రిపోర్టు. బూడిద ట్యాంకర్ చలానా నకలు బిల్లుతో జతచేయాలి. పూర్తి లారీ లోడు మాత్రమే, వారానికి ముందే ఇండెంట్ ఇస్తాం. మూడు నెలలకు కనీసం ఇన్ని ఇటుకలు తీసుకుంటామని మా హామీ. బిల్లు అందిన 30 రోజుల్లో చెల్లింపు."

ఆ "ఇన్ని" దగ్గర మీ డ్రాయింగ్ ప్రకారం నిజమైన సంఖ్య వేయండి. యూనిట్లు చూడటానికి వెళ్లేటప్పుడు ఈ కాగితం చేతిలో ఉంచుకోండి. క్యూరింగ్ షెడ్డు వేయాలనుకునే వాడికి బ్యాంకులో చూపించుకోవడానికి కూడా అదే పనికొస్తుంది. తీసుకొచ్చిన టెస్ట్ రిపోర్టులు ఇక్కడ పెట్టండి, స్లాబ్ సైకిల్ గారు, నేను కలిసి చూస్తాం.